15 వేలలో హాల్‌కి 5.1 హోమ్ థియేటర్: నెల్లూరు, ఒంగోలు వాళ్లు ఏం వాడతా ఉండారు?

వేదాయపాళెం_కుర్రోడు:
కొత్తగా అద్దెకొచ్చిన ఇంట్లో హాలు 10కి 14 అడుగులు. 43 అంగుళాల టీవీ. బొమ్మ బాగుంది గానీ మాటలు తెలియడం లేదు. ఫైటొస్తే తగ్గించాలి, మాటలొస్తే పెంచాలి, రిమోట్ చేతిలో నుంచి కింద పెట్టే పని లేదు. పగలంతా అమ్మకి సీరియళ్లు, రాత్రికి నాకు ఓటీటీ సినిమాలు. బడ్జెట్ 15 వేలు, మహా అయితే ఇంకో రెండు.

ట్రంక్ రోడ్డులో ఒక షాపాయన 6 వేలకే 5.1 చూపించాడు. లైట్లు, ఎఫ్ఎం, పెన్‌డ్రైవ్, మైకు సందు కూడా ఉంది. పక్కనే 15 వేల సెట్టు, దాని మీదా 5.1 అనే ఉంది. తేడా ఏందో వాళ్లు సరిగ్గా చెప్పలేదు. ఇంటాయన గోడకి మేకు కొట్టనీడు, అది కూడా చూసుకుని చెప్పండన్నా.

ఒంగోలు_ఆడియో:
తమ్ముడూ, పెట్టెలు లెక్కబెట్టబాక, వెనకాల ఏ సందులున్నాయో చూడు. ఆ 6 వేల సెట్టుకి టీవీ నుంచి పోయేది ఎరుపు-తెలుపు పిన్నుల వైరో, బ్లూటూతో అయ్యుంటుంది. ఆ రెంటిలోనూ వచ్చేది ఎడమ, కుడి రెండే. ఆ రెండింటినే ఐదు స్పీకర్లకి పంచుతుంది. వెనకాల స్పీకర్లో కూడా హీరో మాటే వినపడతా ఉంటుంది. దాన్ని సరౌండ్ అని ఎట్టా అంటాం?

అసలు 5.1 అంటే సినిమాలోనే ఆరు శబ్దాలు విడివిడిగా ఉంటాయి. ముందు ఎడమ, కుడి, మధ్యలో మాటలకొకటి, వెనక రెండు. ఆ ‘పాయింట్ ఒకటి’ గుభేల్‌మనే శబ్దాలకి, 120 హెర్ట్జ్ వరకే. వీటిని విప్పి పంచాలంటే సెట్టులో డాల్బీ డీకోడరు ఉండాలి, దానికి ఆప్టికల్ (వెలుగుతో శబ్దం పంపే వైరు సందు) గానీ హెచ్‌డీఎంఐ ఆర్క్ (టీవీ శబ్దాన్ని బయటికి పంపే హెచ్‌డీఎంఐ సందు) గానీ ఉండాలి. ఈ రెండు సందులూ లేకపోతే సినిమా సరౌండ్ కోసం దాన్ని కొనొద్దు.

అట్టా చూస్తే నీ బడ్జెట్ చుట్టుపక్కల సోనీ హెచ్‌టీ-ఎస్20ఆర్ ఒకటి కనపడతది. ముందు బార్‌లోనే ఎడమ, మధ్య, కుడి మూడూ ఉంటాయి. వెనక రెంటికీ సబ్‌వూఫర్ (బేస్ కొట్టే పెద్ద పెట్టె) నుంచి వైరు లాగాలి. ధర పండగ ఆఫర్లని బట్టి మారతా ఉంటుంది, ఇయ్యాళ్టి రేటు నువ్వే చూసుకో.

కావలి_కబుర్లు:
6 వేల సెట్టుని మరీ అంత తీసిపారేయాల్సిన పని లేదు అన్నా. మా ఇంట్లో అట్లాంటిదే ఉంది. పొద్దున్నే సుప్రభాతానికి, పిల్లల బర్త్‌డేకి బ్రహ్మాండంగా మోగుతుంది. పాటలు ఎట్లాగూ స్టీరియోనే కదా, అంటే ఎడమ, కుడి రెండే. కాకపోతే ఆ డబ్బుకి ఐదు పిట్ట స్పీకర్ల కన్నా రెండు గట్టి స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఉన్న 2.1 తీసుకోవడం మేలు.

డబ్బా మీద వేలకి వేలు వాట్లు రాసుంటే పీఎంపీవో (క్షణకాలం వచ్చే శబ్దం పేరు చెప్పి పెంచి రాసే లెక్క) అని అర్థం, దాన్ని నమ్మొద్దు. ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇచ్చే అసలు వాట్లు) ఎంతో అడగండి.

ఇంకో మాట. సబ్‌వూఫర్‌కి గాలి గొట్టం సందు ఉంటుంది చూడండి, మా దాంట్లోకి చుంచెలుక దూరి లోపల వైర్లు కొరికేసింది. విప్పితే సగం పీచు, సగం వేరుశనగ తొక్కలు. ఆ సందుకి సన్న ఇనుప జాలీ వేసుకోండి, గుడ్డ కుక్కొద్దు, బేస్ పోతుంది.

డెసిబెల్_అక్క:
కొన్న తర్వాత కూడా సగం మంది 5.1 సెట్టులో స్టీరియోనే వింటా ఉంటారు. టీవీలో సౌండ్ సెట్టింగులకి పోయి ‘డిజిటల్ అవుట్‌పుట్’ అనే చోట పీసీఎం (టీవీయే విప్పి పంపే శబ్దం) అని ఉంటే, ఆప్టికల్‌లో గానీ మామూలు ఆర్క్‌లో గానీ రెండు చానళ్లే పోతాయి. దాన్ని ఆటో లేదా పాస్‌త్రూ (విప్పకుండా ఉన్నదున్నట్టు పంపడం) చెయ్యాలి. టీవీకి మూడు హెచ్‌డీఎంఐ సందులుంటే ఏదో ఒక దాని పక్కనే ఆర్క్ అని రాసుంటుంది, అందులోనే గుచ్చాలి. సీఈసీ ఆన్‌లో పెట్టాలి, అప్పుడు టీవీ రిమోట్‌తోనే సౌండు పెరుగుతుంది. అమ్మగారికి రెండు రిమోట్ల బాధ ఉండదు. ఓటీటీల్లో ఎక్కువగా వచ్చేది డాల్బీ డిజిటల్ ప్లస్. అది ఆర్క్‌లో పోతుంది, ఆప్టికల్‌లో పోదు, టీవీ దాన్ని మామూలు డాల్బీగా మార్చి పంపాల్సి ఉంటుంది. రెండూ ఉంటే ఆర్క్‌కే పొండి.

సీరియళ్లు 5.1లో వస్తాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. కేబుల్ చానళ్లలో చాలావరకు స్టీరియోనే. కానీ మధ్య స్పీకరు ఉన్న సెట్టులో మాటల మోడ్ పెడితే అది కూడా తేటగా వినిపిస్తుంది. అమ్మగారి కోసమైతే నేను వెనక స్పీకర్ల కన్నా మధ్య దానికే ఓటేస్తా.

చీమకుర్తి_రాయి:
మా ఊళ్లో ఇంటింటికీ గ్రానైటే. నేల, వంటగది అరుగు, కొందరికి గోడల్లో సగం దాకా. మిలమిల మెరుస్తది గానీ శబ్దం మొత్తం తిరిగొస్తది. కొత్తిల్లు, సామాన్లు లేని హాల్లో చప్పట్లు కొట్టి చూడండి, గుడి మండపంలో కొట్టినట్టు ఉంటుంది. అట్టాంటి హాల్లో లక్ష రూపాయల సెట్టు పెట్టినా మాటలు కలిసిపోతాయి. టీవీకీ సోఫాకీ మధ్య నేల మీద మందపాటి జంపఖానా పరవండి, కిటికీకి బరువైన కర్టెన్ వేలాడదీయండి. మేకులు అక్కర్లేదు.

సబ్‌వూఫర్‌ని మూలకి నెట్టొద్దు. మూలలో బేస్ ఎక్కువొస్తది నిజమే, కానీ బొయ్యిమని ఒకటే మోత.

పాత_ఆంప్_ప్రేమికుడు:
ఇంట్లో పాత డీవీడీ హోమ్ థియేటర్లు మూలన పడున్న వాళ్లకి ఒక దారి. వెనకాల ఆరు చానళ్ల ఇన్‌పుట్ (ముందు, వెనక, మధ్య-సబ్ అని మూడు జతలు) ఉంటే, ఆన్‌లైన్‌లో చిన్న డాల్బీ డీకోడర్ డబ్బా దొరుకుతుంది. టీవీ ఆప్టికల్ దానికి పెడితే అది ఆరుగా విడదీసి ఇస్తుంది. మా వీధి మెకానిక్ కట్టిచ్చిన అసెంబుల్డ్ ఆంప్‌కి (శబ్దం పెంచి స్పీకర్లకిచ్చే డబ్బా) అదే పెట్టినా. కంపెనీ బార్ల కన్నా స్పీకర్లు బరువు, శబ్దమూ నిండుగా ఉంది. చూడటానికి మాత్రం రేషన్ షాపు సరంజామా లాగుంటుంది, మా ఆవిడ దాని మీద గుడ్డ కప్పి పెడతా ఉంటుంది.

వేదాయపాళెం_కుర్రోడు:
పాతది ఏమీ లేదన్నా నా దగ్గర. వెనక స్పీకర్లు ఎక్కడ పెట్టాలి? సోఫా గోడకి ఆనుకునే ఉంది, వెనకాల జాగా లేదు.

డెసిబెల్_అక్క:
పేరు ‘వెనక’ గానీ సరిగ్గా వీపు వెనకే ఉండాలని లేదు. ఎదురుగా టీవీ సున్నా డిగ్రీలనుకుంటే పక్కలకి 110 నుంచి 120 డిగ్రీల దగ్గర రావాలి. అంటే సోఫాకి రెండు పక్కలా, భుజం కన్నా కాస్త వెనక్కి. చెవి ఎత్తుకి అడుగు పైన ఉంటే చాలు. స్టూళ్ల మీద పెట్టండి. వీలైతే సోఫాని గోడ నుంచి జానెడు ముందుకి జరపండి.

వైర్‌లెస్ వెనక స్పీకర్లు అని వాటి కోసం డబ్బులెక్కువ పెట్టబోకండి. చాలావాటిలో వెనక ఒక చిన్న ఆంప్ డబ్బా ఉంటుంది, దానికి కరెంటు ప్లగ్గు కావాలి, స్పీకర్లకి మళ్లీ వైరే. తప్పేది హాలు మధ్యలో పోయే వైరొక్కటే.

మైపాడు_గాలి:
సముద్రం దగ్గరున్న వాళ్లకి ఒకటి చెప్పాలి. ఉప్పుగాలికి స్పీకరు వైరు రాగి కొనలు పచ్చబడతాయి, పిన్నులు చిలుం పడతాయి. ఒక పక్క శబ్దం వచ్చీరానట్టు ఉంటే సెట్టు పోయిందని షాపుకి మోసుకుపోకముందు, కొన కాస్త కత్తిరించి కొత్త రాగి తేల్చి బిగించి చూడండి. చాలాసార్లు అంతే.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు గుయ్‌మని మోత వస్తుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది. సైన్ వేవ్‌ దాని మీద ఆ మోత ఉండదు.

వేదాయపాళెం_కుర్రోడు:
మళ్లీ షాపుకి పోతా ఉండా. అక్కడ ఏం వినిపించమని అడగాలి?

ఒంగోలు_ఆడియో:
వాళ్లు పెన్‌డ్రైవ్‌లో డప్పు పాట పెడతారు, గుండె అదురుతుంది, మనం బిల్లు కట్టేస్తాం. నువ్వు టీవీలోనే ఓటీటీ తెరిపించి, 5.1 అని గుర్తున్న సినిమాలో వానలో ఇద్దరు మాట్లాడుకునే సీను పెట్టించు. వాన చుట్టూ ఉండాలి, మాట ముందు నుంచి తేటగా రావాలి. తర్వాత వెనక స్పీకరు దగ్గర చెవి పెట్టి విను. అక్కడా అదే మాట అంతే గట్టిగా వినపడితే సెట్టింగైనా తప్పు, సెట్టైనా తప్పు. యూట్యూబ్‌లో ‘5.1 టెస్ట్’ అని ఉండేవి చాలావరకు స్టీరియోనే, వాటితో తేల్చబాక.

కావలి_కబుర్లు:
వారంటీ కార్డు మీద షాపు ముద్ర, తేదీ అక్కడే వేయించుకో. సర్వీస్ నెల్లూరులోనే ఉందా, చెన్నై పంపాలా అన్నది కూడా అడుగు. సబ్‌వూఫర్ మోసుకుని బస్సెక్కడం చిన్న పని కాదు.

ఒంగోలు_ఆడియో:
సెట్టుతో వచ్చిన వైరు చాలకపోతే కరెంటు సామాన్ల షాపులో ఒకటిన్నర ఎస్‌క్యూ ఎంఎం రాగి ఫ్లెక్సిబుల్ వైరు మీటర్ల లెక్కన దొరుకుతుంది, 10కి 14 హాల్‌కి అది ఎక్కువే. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి. ఒక దానికి తిరగబడితే శబ్దం వస్తుంది గానీ బేస్ పలచబడి, మాట ఎటు నుంచి వస్తుందో తెలియదు. సొంతిల్లు కడుతున్న వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ప్లాస్టరింగ్‌కి ముందే టీవీ గోడ నుంచి సోఫా గోడకి విడిగా ఒక ఖాళీ పైపు వేయించండి. కరెంటు వైర్ల పైపులోనే దీన్ని తోయించొద్దు.