పైన్ అడవికి పనికొచ్చిన నిప్పు సరుగుడు తోటకు పనికొస్తుందా?

అంతర్వేది రైతు:
మా సరుగుడు తోటలో రాలిన ఆకు జానెడు మందాన పేరుకుపోయి, కింద గరిక కూడా మొలవడం లేదు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలలోని లాంగ్‌లీఫ్ పైన్ అడవులకు రెండు మూడేళ్లకొకసారి కావాలనే నిప్పు పెడతారనీ, ఆ తరువాత నేలమీద గడ్డీ పూలమొక్కలూ దట్టంగా వస్తాయనీ చదివాను. రెండు చెట్లకూ ఆకు సూదులే కదా. మాఘమాసంలో మనమూ తగలబెడితే తప్పేమిటి?

నరసాపురం మాస్టారు:
రైతు గారూ, మీరు చదివినది నిజమే. అక్కడ నిప్పు ఆపివేసిన చోట ఓక్ పొదలు కమ్ముకొని, నీడకు తాళలేని గడ్డి నశించింది. క్రమం తప్పకుండా కాల్చే కొన్ని చోట్ల ఒక్క చదరపు మీటరులో 40కి పైగా జాతులు లెక్కకు వచ్చాయి. అయితే ఆ మొక్కలు బతకడానికి ముఖ్య కారణం బూడిద కాదు, మొగ్గ మట్టిలో ఉండడం. మన గట్టు తగలబెట్టినా తుంగ మళ్లీ ఎందుకు లేస్తుంది? మంట వేగంగా దాటిపోతే గడ్డ దాకా వేడి దిగదు. అక్కడి పైన్‌ల కింద పెరిగే వైర్‌గ్రాస్ అనే గడ్డిదీ అదే దారి. పైగా అది ఎదిగే కాలంలో కాలిన ఏడు విరివిగా పూస్తుంది, చలికాలంలో కాలిస్తే అంతగా పూయదు.

సరుగుడు పైన్ జాతి కాదు (ఆ సూదులు నిజానికి సన్నని రెమ్మలు), మంటకు తట్టుకునే చెట్టూ కాదు. జానెడు మందం చెత్త భగ్గుమని ఆరిపోక లోలోపల కుములుతుంది, వేళ్లు ఉడికిపోతాయి. చాలా ఏళ్లు కాల్చకుండా వదిలి, ఆపై కాల్చిన లాంగ్‌లీఫ్ అడవిలోనే పెద్ద చెట్లు ఇలా చచ్చాయి.

అమలాపురం సభ్యుడు:
నేను డెహ్రాడూన్‌లో కొన్నేళ్లు ఉన్నాను. అక్కడి కొండలలో చిర్ పైన్ కింద వానలకు ముందు నిప్పు పెట్టేది పశువుల మేత కోసం. గడ్డి వస్తుంది, బాంజ్ ఓక్ మొలకలు మాడిపోతాయి, లాంటానా అనే కలుపు పొద మాత్రం మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. కింది మొక్కలు బాగుపడ్డాయని ఎవరైనా అంటే, ఏ మొక్కలని అడగవలసిందే.

అంతర్వేది రైతు:
ఇదివరకు పొయ్యిలోకని ఆకు ఊడ్చుకుపోయేవారు, గ్యాసు వచ్చాక ఎవరూ రావడం లేదు. మరి ఈ చెత్తను ఏం చేయమంటారు?

నరసాపురం మాస్టారు:
ఎత్తించి కొబ్బరి పాదులకు కప్పండి. సముద్రం వైపు వరుసలలో మాత్రం ఇసుక లేవకుండా కొంత ఉంచండి. గరిక సంగతి వేరు. మీరు మొక్కలు బాగా ఒత్తుగా వేశారని నా అనుమానం. నీడ తగ్గనిదే, కాల్చినా ఊడ్చినా అది రాదు.