వీధి పందిట్లో పాట: శ్రుతి నిలవనివారికి మైకు ఇవ్వాలా?

అయ్యకోనేరు గట్టు:
విజయనగరంలో మా వీధి వినాయక పందిట్లో ఈ ఏడు ఆర్కెస్ట్రాను పిలవకుండా వీధివారి చేతనే పాడించారు. మూడు రాత్రులూ ముందు వరుసలో కూర్చొని విన్నాను. పాడినవారు పద్నాలుగురు కాగా, పదకొండు మంది ఫోనులోంచి కరోకే ట్రాక్ పెట్టుకున్నారు. అసలు పాట ఏ శ్రుతిలో ఉంటే మార్చుకోకపోతే ట్రాక్ ఆ శ్రుతిలోనే నడుస్తుంది కనుక, ఘంటసాల పద్యం ఎత్తుకున్న ఒక పెద్దాయన పై షడ్జం, అంటే పై స్థాయి ‘స’ స్వరం, దగ్గర గొంతు చించుకోవలసి వచ్చింది. ఒక చిన్నపాప చరణానికి వచ్చేసరికి అర మెట్టు కిందికి జారిపోయింది. హార్మోనియంతో పాడిన ముగ్గురు మాత్రం తమ గొంతుకు తగిన శ్రుతి ఎంచుకొని హాయిగా పాడారు. ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షులుగా, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ ఆచార్యులుగా 1919లో సంగీత పాఠశాల మొదలైన ఊరు ఇది. మైకు ఇచ్చే ముందు చిన్న పరీక్ష పెడితే తప్పేమిటి?

చందా పుస్తకం:
నేను ఆ పందిరి కమిటీలో ఉన్నాను. పరీక్ష పెట్టడానికి ఇది కళాశాల ప్రవేశం కాదు. ఘంటసాల ఈ ఊళ్లోనే మధుకరం ఎత్తి, అంటే ఇంటింటా అన్నం అడిగి తిని, సంగీతం చదువుకున్నారు. ముద్ద వేసిన ఇల్లాళ్లు ముందు షడ్జం నిలిపి చూపించమన్నారా? అసలు దోషం పాడినవారిది కాదు. రెండు సౌండు బాక్సులనూ వీధివైపు తిప్పాం, పాడేవారివైపు ఒక్కటీ లేదు. ఎదుటి డాబాకు తగిలి ఆలస్యంగా తిరిగివచ్చే శబ్దాన్ని విని పాడితే ఎవరి గొంతైనా జారుతుంది.

అయ్యకోనేరు గట్టు:
హార్మోనియంతో పాడినవారికీ అవే బాక్సులు కదా? వారి గొంతు ఎందుకు జారలేదు?

చందా పుస్తకం:
హార్మోనియం మోకాలి పక్కనే ఉంటుంది కనుక నేరుగా వినిపిస్తుంది. ట్రాక్ మాత్రం ఆ బాక్సుల్లోంచే రావాలి. ఇది తెలియకుండా పరీక్షలు పెడతానంటున్నారు.

ఆముదాలవలస వాసి:
మా దగ్గర డీజే దెబ్బకు కిటికీ అద్దాలు అదిరాయి. మీరు అర మెట్టు గురించి వాదించుకుంటున్నారు, అదృష్టవంతులు.

ఎడమ డగ్గా:
ఆ మూడు రాత్రులూ తబలా వాయించినవాడిని కనుక ఒక మాట చెబుతాను. భాద్రపదం తేమకు చర్మం వదులై, పాటపాటకూ సుత్తితో శ్రుతి సరిచేయవలసి వచ్చింది. ఆ ఐదు నిమిషాలకే జనం లేచి జిలేబీ బండి దగ్గరకు వెళ్లిపోయారు. ట్రాకుల వైపు మొగ్గడానికి సగం కారణం ఇదే.

అయ్యకోనేరు గట్టు:
జనం ఓపిక వేరు, శ్రుతి వేరు. నేను అడిగింది శ్రుతి గురించి.

చందా పుస్తకం:
అంత పట్టింపు ఉన్నవారు పండుగకు పది రోజుల ముందే వచ్చి పిల్లలకు నేర్పవలసింది. ముందు వరుసలో కుర్చీ వేయించుకొని తప్పులు లెక్కపెట్టడం ఏమంత కష్టం కాదు. చందా ఇచ్చిన ప్రతి ఇంటికీ ఒక పాట పాడే హక్కు ఉంది.

అయ్యకోనేరు గట్టు:
హక్కు మాట మీరు ఎత్తారు కనుక చెబుతున్నాను. మూడో రాత్రి మా నాన్నగారి భజన బృందానికి తొమ్మిది గంటలని చెప్పి, కమిటీవారి పిల్లల ట్రాకు పాటలు ఒకదాని వెనుక ఒకటి సాగదీసి, పది కావడానికి ఎనిమిది నిమిషాల ముందు వేదిక ఎక్కించారు. మొదటి కీర్తన రెండో చరణంలో ఉండగానే మైకు ఆపేశారు. పందిరికి తాటాకులు కప్పే రోజుల నుంచి ఈ వీధిలో భజన నడిపిన మనిషి, ఒక్క మాటైనా అనకుండా తాళాలను సంచిలో పెట్టుకున్నారు. అర మెట్టు జారినవారికి అరగంట ఇచ్చారు, శ్రుతి తప్పని మనిషికి ఎనిమిది నిమిషాలు ఇచ్చారు.

చందా పుస్తకం:
ఈ సంగతి మొదటే రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకరు మోగరాదన్న నిబంధన 2000 సంవత్సరం నుంచి ఉంది. అనుమతి పత్రం మీద సంతకం చేసినది నేను.

ఎడమ డగ్గా:
పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి పన్నెండు వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది.

చందా పుస్తకం:
ఉండవచ్చు, మా పత్రంలో పది అనే ఉంది. దాచకుండా చెబుతున్నాను, భజన మొదలైతే సగం కుర్చీలు ఖాళీ అవుతాయి కనుకనే చివర పెట్టాం. పిల్లలు పాడితే అమ్మమ్మలు కూడా వచ్చి కూర్చుంటారు. మాకు వీధి అంతా కలవడం ముఖ్యం.

అయ్యకోనేరు గట్టు:
ఆయన పాడేది కుర్చీల కోసం కాదు, ఎదురుగా విగ్రహం ఉంది. పందిరి వేసినది దేవుడికా, మీ కుర్చీలకా?

ఎడమ డగ్గా:
బృందంలో మిగిలిన నలుగురు మైకు ఆగాక కూడా విగ్రహం పక్కన కూర్చొని రెండు కీర్తనలు పూర్తి చేశారు. నేనూ వాయించాను. మీరు అప్పటికే నాన్నగారిని ఇంటికి తీసుకువెళ్లిపోయారు.

చందా పుస్తకం:
వచ్చే ఏడు భజనను సాయంత్రం ఆరున్నరకే మొదటి అంశంగా పెడతాం. పరీక్ష మాత్రం పెట్టేది లేదు.

అయ్యకోనేరు గట్టు:
ఆరున్నర అంటే పిల్లల ట్యూషన్ల వేళ, ఆడవారి వంటల వేళ. ఆ సమయంలో వినడానికి ఎవరు వస్తారు?

ఆముదాలవలస వాసి:
ఇప్పుడు కుర్చీలు కావాలన్నమాట.