కరెంటు పోతే సిస్టం దానంతటదే పద్ధతిగా ఆగాలంటే?

ప్రశ్న: నమస్తే అందరికీ. దిల్‌సుఖ్‌నగర్‌లో మాది డీటీపీ షాపు. ఎండాకాలం సాయంత్రాలు గాలిదుమారం లేస్తే చాలు, కరెంటు పోతుంది. 600 వీఏ యూపీఎస్ ఉంది. నేను లేనప్పుడు కరెంటు పోతే కీచుకీచుమని అరిచి అరిచి ఆగిపోతుంది. నిన్న అలాగే ఒక పెళ్ళిపత్రిక ఫైలు పాడైంది. మనిషి లేకున్నా సిస్టం సరిగ్గా ఆగేలా చేయొచ్చా? విండోస్ 11.

జవాబు: చేయొచ్చు అన్నా. యూపీఎస్ వెనక ప్రింటర్ కేబుల్ పట్టే చదరపు యూఎస్‌బీ పోర్టు ఉందేమో చూడండి. అది లేకపోతే కరెంటు పోయిన సంగతి కంప్యూటర్‌కు తెలియదు, ఎంత పెద్ద బ్యాటరీ పెట్టినా అంతే. ఇంటి ఇన్వర్టర్‌తోనూ ఇదే చిక్కు.

పోర్టు ఉంటే కేబుల్ తగిలించండి. టాస్క్‌బార్‌లో ల్యాప్‌టాప్‌కు వచ్చినట్టు బ్యాటరీ గుర్తు వస్తే వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కంట్రోల్ ప్యానెల్‌, పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ కింద క్రిటికల్ యాక్షన్ హైబర్నేట్ పెట్టండి. షట్‌డౌన్ కన్నా ఇదే మేలు, తెరిచిన ఫైళ్ళు ఉన్నవి ఉన్నట్టు డిస్కులోకి వెళ్తాయి. లో లెవెల్ 50, క్రిటికల్ లెవెల్ 40 చేయండి. 5 శాతం దాకా ఆగొద్దు. పాతబడ్డ బ్యాటరీ 30 చూపిస్తూనే ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది.

ప్రశ్న అడిగినవారు: గుర్తు వచ్చింది అన్నా! లేజర్ ప్రింటర్ కూడా ఈ యూపీఎస్ మీదే ఉంది, పర్వాలేదా?

మరొకరు: వెంటనే తీసేయండి సార్. 600 వీఏ అంటే చాలా వాటిలో 360 వాట్లే. లేజర్ ప్రింటర్ వేడెక్కేటప్పుడు ఒక్కటే అంతకన్నా ఎక్కువ లాగుతుంది. లినక్స్ వాడేవాళ్ళకు ఇదే పని నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది.

జవాబు: ఇప్పుడు ఫైళ్ళన్నీ సేవ్ చేసి పరీక్షించండి. ప్లగ్గు పీకొద్దు, గోడ స్విచ్ ఆపండి, ఎర్తు అలాగే ఉంటుంది. ఈ పరీక్ష చేయకుండా మాత్రం సెట్టింగ్‌ను నమ్మొద్దు.

ప్రశ్న అడిగినవారు: 40 దగ్గర ఆగింది, ఆన్ చేస్తే కోరల్‌డ్రాలో పేజీ ఎక్కడ వదిలానో అక్కడే ఉంది. చాలా థ్యాంక్స్. కాకపోతే నాలుగు నిమిషాలకే 40కి దిగింది. కరెంటు రాగానే అదే ఆన్ అవుతుందా?

జవాబు: బయోస్‌లో, అంటే విండోస్ మొదలయ్యేలోపు తెరిచే కంప్యూటర్ సెట్టింగ్స్‌లో, ‘రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్’ లాంటిది ఉంటుంది, ఆన్ చేయండి. కానీ యూపీఎస్ పూర్తిగా ఆగకముందే కరెంటు వస్తే అది పనిచేయదు, బటన్ నొక్కాల్సిందే. నాలుగు నిమిషాలంటే బ్యాటరీ పని అయిపోవచ్చి ఉండొచ్చు. వేడికి ఇవి తొందరగా పోతాయి, యూపీఎస్‌ను టేబుల్ కింద మూలకు నెట్టకండి. చాలా చిన్న యూపీఎస్‌లలో ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. పాతదాని మీద చూసుకుని అదే సైజుది సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో అడగండి, పాతది తీసుకుని కొంత తగ్గిస్తారేమో కూడా కనుక్కోండి.