సాంబా షేర్‌లో స్ప్రెడ్‌షీట్లు రీడ్-ఓన్లీగా తెరుచుకుంటున్నాయి, సాయం చేయగలరా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ ఆగిపోయింది కదా, మా ఆఫీసు సిస్టమ్స్ అన్నీ ఉబుంటు 24.04కి మార్చాం. అకౌంట్స్ ఫైళ్లు డెబియన్ సర్వర్‌లో సాంబా షేర్ (నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే ఫోల్డర్) మీద ఉన్నాయి. ఎవరూ తెరవని స్ప్రెడ్‌షీట్ కూడా లిబ్రేఆఫీస్‌లో రీడ్-ఓన్లీగానే వస్తోంది, కానీ అదే ఫోల్డర్‌లో టెక్స్ట్ ఎడిటర్‌తో మార్చినవి చక్కగా సేవ్ అవుతున్నాయి, కాబట్టి పర్మిషన్ల గొడవ కాదనుకుంటున్నా.

మిగిలిపోయిన లాక్ ఫైళ్లు (ఫైల్ ఎవరో తెరిచారని గుర్తుగా లిబ్రేఆఫీస్ పెట్టేవి) తీసేశా. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (డిస్కులు, షేర్లు ఎలా కలపాలో చెప్పే సెట్టింగ్స్ ఫైల్) సీఐఎఫ్‌ఎస్ మౌంట్‌కి, అంటే ఆ షేర్‌ను సిస్టమ్‌కు కలిపే లైన్‌కి, వెర్షన్ 3.0, యూఐడీ 1000, ఫైల్ మోడ్ 0664 ఇచ్చి చూశా, మార్పు లేదు. నోబీఆర్‌ఎల్ ఆప్షన్ పెడితే తెరుచుకుంటోంది గానీ, అది బైట్-రేంజ్ లాక్‌లను (ఫైల్‌లో కొంత భాగాన్ని ఇంకొకరు మార్చకుండా వేసే తాళాలు) సర్వర్‌కు పంపదు. ఇవి జీఎస్టీ లెక్కలు, ఒకరు రాసింది ఇంకొకరు చెరిపేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

నోబీఆర్‌ఎల్ ఉన్నా, ఇద్దరు ఒకే ఫైల్‌ను ఒకేసారి మార్చకుండా లిబ్రేఆఫీస్ సొంత లాక్ ఫైల్ ఒక్కటే ఆపగలదా?