పెళ్ళి యాప్‌లో 'అతిథిని తొలగించు' అని చూసి అమ్మ భయపడింది, ఏం రాయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. పెళ్ళి పనులు చూసుకునే యాప్ ఒకటి చేస్తున్నాం, చిన్న టీమ్. ఇంగ్లీష్‌లో అయిపోయింది, తెలుగు వెర్షన్ నా నెత్తిన పడింది. మెషిన్ ట్రాన్స్‌లేషన్ పెట్టి పైపైన సరిచేశా. మొన్న తమ్ముడి పెళ్ళి లిస్టు దాంట్లోనే రాయమని అమ్మకి ఫోన్ ఇచ్చా, పిన్ని పేరు రెండుసార్లు పడితే ఒకటి తీసేద్దామని నొక్కింది, వెంటనే 'మీరు ఈ అతిథిని తొలగించాలనుకుంటున్నారా? ఈ చర్యను రద్దు చేయలేరు' అని వచ్చింది. "ఇదేంటే, పిన్నిని పెళ్ళికి రావద్దని మెసేజ్ పోతుందా ఏంటి" అని ఫోన్ నా చేతిలో పెట్టేసింది. ఇంకా నాకే ఎబ్బెట్టుగా ఉన్నవి: 'సమర్పించు', 'విక్రేతలు', 'మీ హాజరును నిర్ధారించండి', 'చెల్లని తేదీ'. కాస్త సాయం చేయండి.

జవాబు 1:
మీ అమ్మగారి భయం సబబే. ఉద్యోగంలోంచి తొలగిస్తారు, లిస్టులోంచి అయితే పేరు తీసేస్తారు. ఆవిడ అడిగిన ప్రశ్నకే స్క్రీన్ మీద జవాబు పెట్టండి: 'ఈ పేరు లిస్టులోంచి తీసేయమంటారా? వాళ్ళకి ఏ మెసేజ్ వెళ్ళదు.' బటన్లు 'తీసేయండి', 'ఉండనివ్వండి'. ఇంకోటి, 'రద్దు' అన్న మాట యాప్ మొత్తంలో ఎక్కడా లేకుండా చూడండి, ముహూర్తం మార్చే స్క్రీన్ మీద ఎర్రగా 'రద్దు చేయి' అని కనిపిస్తే పెళ్ళివారింట్లో ఎవరూ నొక్కరు. 'వద్దు' లేదా 'వెనక్కి' చాలు.

సమర్పించడం దేవుడికి. ఇక్కడ నొక్కితే ఏమవుతుందో అదే రాయండి, 'పంపండి', 'సేవ్ చేయండి', అంతే.

విక్రేతలు అంటే నవ్వొచ్చింది, ఆ లిస్టులో పంతులుగారు కూడా ఉంటారు కదండీ! మన ఇళ్ళల్లో 'మేళం మాట్లాడారా, వంటవాళ్ళని మాట్లాడారా' అంటారు, ఆ 'మాట్లాడటం'లోనే బుకింగ్ మొత్తం ఉంది. అందుకని ఒక్కో పని పక్కన 'ఇంకా మాట్లాడాలి', 'మాట్లాడాం', 'అడ్వాన్స్ ఇచ్చాం', 'లెక్క తీరిపోయింది' అని పెట్టి చూడండి, ఎవరికీ నేర్పక్కర్లేదు.

హాజరు బడిలో వేస్తారు. అసలు పిలిచి 'వస్తున్నారా లేదా చెప్పండి' అనడమే మనకి మర్యాద కాదు, బొట్టు పెట్టి పిలిచిన మేనత్తకి ఆ మెసేజ్ పోతే పెళ్ళయ్యాక కూడా గుర్తుంచుకుంటుంది. మీకు కావాల్సింది ఆవిడ హాజరు కాదు, విస్తళ్ళ లెక్క. 'మీ ఇంటి నుంచి ఎంతమంది వస్తున్నారో చెబితే భోజనాలకి, విడిదికి ఏర్పాటు చేసుకుంటాం' అని రాయండి. కింద 'ముందు రోజే వస్తారా? రూమ్ కావాలా?' అని అడగండి, ఆ ప్రశ్నకైతే ఎవరైనా సంతోషంగా జవాబిస్తారు. రాలేని వాళ్ళకి 'రాము' అని కాకుండా 'రాలేకపోతున్నాం' అని బటన్ ఉండాలి.

జవాబు 2:
మాది శుభలేఖలు ప్రింట్ చేసే షాపు, తేదీ గురించి నేను చెప్తా. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, ఫోన్‌లో రాత్రి 12కి మారుతుంది. అందుకే కార్డు మీద 'శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం గం. 2.14 ని.లకు' అని వేస్తాం. పంతులుగారు శనివారం అన్నారు కదా అని యాప్‌లో శనివారం నొక్కి 2.14 పెడితే అది శుక్రవారం అర్ధరాత్రి దాటాక అవుతుంది, ఒక రోజు ముందు! మా దగ్గరికొచ్చిన ఒక కస్టమర్‌కి ఇదే జరిగింది, ఏదో యాప్ నుంచి చుట్టాలందరికీ రిమైండర్ ఒక రోజు ముందే వెళ్ళిపోయింది, మళ్ళీ అందరికీ ఫోన్లు చేసుకున్నారు. రాత్రి 12 నుంచి ఆరు లోపు టైము పెడితే యాపే అడగాలి: 'శనివారం రాత్రి భోజనాలయ్యాక వచ్చే 2.14 కదా? అంటే ఆదివారం తెల్లవారుజాము.' కింద 'అవును', 'కాదు, మారుస్తాను'. 'చెల్లని తేదీ' అని మాత్రం వద్దు, 'ఈ తేదీ దాటిపోయింది, మళ్ళీ చూడండి' అనండి. చర్చిలో పెళ్ళిళ్ళకీ నిఖాకీ ముహూర్తం ఉండదు కాబట్టి 'పెళ్ళి టైము' అనే ఆప్షన్ కూడా ఉంచండి.

జవాబు 3:
డెవలపర్‌ని, పేర్ల దగ్గర నేను తిన్న దెబ్బ చెప్తా. పేరు పక్కన కోడ్‌తో 'ను', 'కి' అతికిస్తే కొన్నిటికి 'ని', కొన్నిటికి 'ను', 'రవికి' సరే గానీ 'సీతకి'నా 'సీతకు'నా అని గొడవ. 'గారు' పెడితే గారిని, గారికి, గారు వస్తున్నారు, ఎవరికైనా సరిపోతుంది, ఆడా మగా తేడా కూడా ఉండదు. కానీ ఇంట్లో వాళ్ళు పేర్లు ఎలా రాసుకుంటారో తెలుసా, 'గుంటూరు పిన్ని', 'పాల శ్రీను'. 'గుంటూరు పిన్ని గారికి శుభలేఖ పంపబడింది' అని వచ్చింది మా యాప్‌లో! అప్పుడు రెండు గళ్ళు పెట్టాం, 'ఇంట్లో ఏమని పిలుస్తారు', 'కార్డు మీద పేరు'. మీ స్క్రీన్ మీద మొదటిది, బయటికి పోయే మెసేజ్‌లో రెండోది.

ఎస్సెమ్మెస్ పంపేట్టయితే ఇంగ్లీష్ అక్షరాలు 160 పడతాయి, తెలుగులో 70 దాటితే రెండో మెసేజ్ కింద లెక్క. 'వస్తున్నాం' కంటికి మూడక్షరాలు, గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా పడతాయి కాబట్టి ఆ లెక్కలో 10. అందుకే 'సకుటుంబ సపరివార సమేతంగా' మొత్తం కార్డులో ఉంచి, మెసేజ్‌లో లింకు ఇవ్వండి.

అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ అందరికీ. ఒక డౌట్, మా టీమ్‌లో వరంగల్ అమ్మాయి 'పెండ్లి' అనాలంటోంది, మేము 'పెళ్ళి' అని పెట్టాం.

జవాబు 1:
'పెళ్ళి' అంటే ఇద్దరికీ అర్థమవుతుంది గానీ, సెట్టింగ్స్‌లో 'పెళ్ళి', 'పెండ్లి', 'లగ్గం' మూడూ ఇచ్చి ఎంచుకోమనండి, ఆ తర్వాత అంతటా అదే రావాలి. ఆ అమ్మాయి చేతే అన్ని స్క్రీన్లూ పైకి చదివించండి, ఎక్కడ ఆగిందో అక్కడ మార్చండి.

అడిగినవారు:
మార్చి మళ్ళీ అమ్మకిచ్చా. పిన్ని పేరు తీసేసింది, మాట్లాడాల్సిన వాళ్ళ లిస్టు కూడా నింపేసింది. ఇప్పుడు 'చదివింపులు ఎక్కడ రాయాలే' అంటోంది. మా యాప్‌లో 'నగదు బహుమతులు' అని ఉంది, నొక్కితే 500, 1000, 2000 అని బటన్లు వస్తాయి.

జవాబు 2:
516, 1116, 2116 అండీ. సున్నాతో ఎవరు చదివిస్తారు?