సివిల్ మూడో సంవత్సరం: లింక్డిన్‌లో నేనేం పెట్టుకోవాలి?

తుని_సివిల్:

అందరికీ నమస్తే. నాది బీటెక్ సివిల్, మూడో సంవత్సరం. మొన్న కాలేజీకి సీఆర్‌టీ (క్యాంపస్ ఉద్యోగాల ట్రైనింగ్) సార్ వచ్చి, వారంలోగా అందరూ లింక్డిన్ ప్రొఫైల్ పెట్టాలి, ఐదొందల కనెక్షన్లు చెయ్యాలి అని చెప్పి వెళ్లారు. సీఎస్‌ఈ వాళ్లకి గిట్‌హబ్ ఉంది, ఏదో ఒక కోడ్ పెట్టేస్తారు. మాకేముంది చూపించుకోడానికి?

ఇప్పటికి నా ప్రొఫైల్లో ఉన్నవి ఇవి. హెడ్‌లైన్ "ఆస్పైరింగ్ సివిల్ ఇంజినీర్ | ప్యాషనేట్ లెర్నర్ | టీమ్ ప్లేయర్". మా క్లాసులో సగం మందికి ఇదే. ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సు) సర్టిఫికెట్ ఒకటి, ఎలీట్ గ్రేడు వచ్చింది. ఆటోక్యాడ్ కోర్సు సర్టిఫికెట్. వేసవిలో ఒక అపార్ట్‌మెంట్ సైట్లో ఇంటర్న్‌షిప్ చేశాను, ఆ ఫొటోలు. నా ఫొటో మా అన్నయ్య పెళ్లిలోది, పక్కవాళ్లని కత్తిరించి పెట్టా. అమ్మేమో అసలు ఆడపిల్ల ఫొటో నెట్‌లో ఎందుకంటోంది. ఇంతకీ ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఇవన్నీ నిజంగా చూస్తారా అండీ?

గేట్_ఏఈఈ:

సివిల్‌కి లింక్డిన్ ఏంటి చెల్లీ. గేట్ రాసుకో, ఏఈఈ (గవర్నమెంటు ఇంజినీరు పోస్టు) నోటిఫికేషన్ పడితే అది రాసుకో. అక్కడ ర్యాంకు అడుగుతారు గానీ ప్రొఫైల్ అడగరు. ఐదొందల కనెక్షన్ల మీద పెట్టే టైములో సాయిల్ మెకానిక్స్ ఒకసారి తిరగేయొచ్చు.

స్లంప్‌కోన్:

గేట్ తమ్ముడు చెప్పింది గవర్నమెంటు ఉద్యోగం వరకూ నిజమే. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలియక, ఈలోగా ప్రైవేటులో చేరదామనుకునే వాళ్లే ఎక్కువ. వాళ్ల రెజ్యూమెలు వచ్చేది నా దగ్గరికి. హైదరాబాద్‌లో నార్సింగి వైపు హైరైజ్ సైట్లలో ప్లానింగ్ చూస్తా. రెజ్యూమెలో లింకు ఉంటే నొక్కి చూస్తా. మనిషికి అర నిమిషం కన్నా ఇవ్వలేను. "ప్యాషనేట్" దగ్గర కన్ను ఆగదమ్మా. సొంతంగా చేసిన పని కనబడితే ఆగుతుంది.

ఏమీ లేదంటావేం? కాంక్రీట్ ల్యాబులో ఎం25కి, అంటే 28 రోజులకి 25 ఎంపీఏ బలం రావాల్సిన కాంక్రీటుకి, మిక్స్ డిజైన్ (సిమెంటు, ఇసుక, కంకర, నీళ్ల పాళ్ల లెక్క) చేసే ఉంటారు. ఆ పాళ్ల కోడ్ ఐఎస్ 10262 పట్టుకుని లెక్కేస్తే టార్గెట్ బలం 31.6 వస్తుంది. మనకి కావాల్సింది 25 అయినప్పుడు 31.6 కోసం ఎందుకు తాపత్రయపడాలి? ఈ ఒక్క ప్రశ్నకి నీ మాటల్లో జవాబు రాయి. మీరు పోసిన 150 ఎంఎం క్యూబులు 7 రోజులకి ఎంతకి పగిలాయి, 28 రోజులకి ఎంతకి పగిలాయి, లెక్కకీ దానికీ తేడా ఎందుకొచ్చిందనుకుంటున్నావో పెట్టు. తక్కువొస్తే తక్కువొచ్చిందనే రాయి. సైట్లో చూసిన రీడింగులు మాత్రం పెట్టకు, అవి కంపెనీవి. సైట్ గురించి రాయాలంటే చూసిన పద్ధతి రాయి. ఎండలో ట్రాన్సిట్ మిక్సర్ లేటైంది, స్లంప్ (పచ్చి కాంక్రీటు జారుడు) పడిపోయింది, మేస్త్రి నీళ్లు కొట్టమన్నాడు, ఇంజినీరు ఏమన్నాడు? ఇది రాసిన స్టూడెంట్ నాకింతవరకూ తగల్లేదు. తగిలితే ఆ రోజే ఫోన్ చేస్తా.

రెండోది, మీ ఇల్లు. టేపు పట్టుకుని కొలువు, ప్లాను ఆటోక్యాడ్‌లో గీయి, ఎక్సెల్‌లో క్వాంటిటీలు తియ్యి. ఒక్క బీముకైనా బార్ బెండింగ్ షెడ్యూల్ (ఏ కడ్డీ ఎంత పొడవు, ఎలా వంచాలి, ఎంత బరువు అనే పట్టిక) చెయ్యి. డయా స్క్వేర్ బై 162 అని అందరూ బట్టీ పట్టి వస్తారు, 16 ఎంఎం కడ్డీ మీటరు బరువు అడిగితే 1.58 కిలోలని టక్కున చెప్తారు. ఆ 162 ఎక్కణ్నుంచి వచ్చిందంటే బిక్కమొహం. అదీ ఒక పోస్టే. డ్రాయింగూ ఎక్సెల్ షీటూ గూగుల్ డ్రైవ్‌లో పెట్టి ప్రొఫైల్లోని ఫీచర్డ్ సెక్షన్‌లో లింకివ్వు. అవి కనబడ్డాక ఆటోక్యాడ్ సర్టిఫికెట్ ఉన్నా లేకున్నా ఒకటే. ఎన్‌పీటీఈఎల్‌ది ఉంచు. సెంటర్‌కి వెళ్లి కూర్చుని రాసే పరీక్ష అది, ఎలీట్ అంటే 60 దాటినట్టే కాబట్టి దానికి విలువిస్తాం.

ఇంటర్న్‌షిప్ ఫొటోలు ఒక్కొక్కటే జూమ్ చేసి చూసుకో. వెనక టేబుల్ మీద స్ట్రక్చరల్ డ్రాయింగ్ పరిచి ఉంటే ఆ ఫొటో తీసెయ్. నీ తల మీద హెల్మెట్ లేకపోయినా తీసెయ్. మా సేఫ్టీ ఆఫీసర్ అలాంటి ఫొటో చూస్తే మిగతా ప్రొఫైల్ చదవడు. శ్లాబ్ అంచున నిలబడి విక్టరీ గుర్తు చూపించే సెల్ఫీల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఐదొందల సంగతి వదిలెయ్. ఇంటర్న్‌షిప్‌లో నీకు పని చెప్పిన ఇంజినీరు, మీ కాలేజీలో పాసై సైట్లలో ఉన్న సీనియర్లు, పాఠం చెప్పిన మేడమ్‌లు, సార్లు. రిక్వెస్టుతో పాటు నువ్వెవరో రెండు ముక్కలు రాయి. పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే, ఇంటిపేరు పూర్తిగా పెట్టు. ఉత్త సాయి లక్ష్మి అని ఉంటే వందలమందిలో నువ్వెవరో మేమెలా పట్టుకోవాలి?

విశాఖ_జీఐఎస్:

అమ్మ భయానికి సమాధానం సెట్టింగుల్లోనే ఉంది చెల్లీ. ఫొటో కనెక్షన్లకి మాత్రమే కనబడేలా పెట్టుకోవచ్చు. పెళ్లి ఫొటో మార్చు. పగటి వెలుతుర్లో తెల్ల గోడ ముందు ఫ్రెండ్ చేత ఫోన్‌తో తీయించుకుంటే చాలు, స్టూడియో అక్కర్లేదు. నేనైతే ఫొటో కన్నా రెజ్యూమె గురించే భయపడతా. మన రెజ్యూమెల చివర తండ్రి పేరు, పుట్టిన తేదీ, డోర్ నంబరుతో అడ్రసు, ఫోన్ నంబరు, కింద డిక్లరేషన్, సంతకం అన్నీ ఉంటాయి. అదే ఫైలు ప్రొఫైల్లో అప్‌లోడ్ చేస్తే దారినపోయే వాళ్లందరికీ ఇచ్చినట్టే. అందరికీ కనబడే కాపీలో ఈమెయిల్ ఒక్కటే ఉంచు. ఇంటర్న్‌షిప్ ఇస్తాం, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని మెసేజ్ పెట్టిన వాళ్లని అక్కడే బ్లాక్ చెయ్.

సీఎస్‌ఈకి గిట్‌హబ్ ఉంటే మనకి ఎవరైనా మార్పులు చెయ్యగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది. మీ ఊరి డ్రెయిన్లు, కల్వర్టులు, బోర్లు తిరిగి చూసి మ్యాప్‌లో పెట్టు. ఏ రోజు ఏం మార్చావో నీ అకౌంటు పేరు మీద అందరికీ కనబడుతుంది. మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ కూడా ఉచితమే. మా టీములో అమ్మాయిని తీసుకునేటప్పుడు మేం ముందు చూసింది ఆ హిస్టరీనే.

తుని_సివిల్:

థాంక్స్ అక్కా, సార్. రెండు ఫొటోలు తీసేశా, ఒకదాంట్లో డ్రాయింగ్ ఉంది. హెడ్‌లైన్ ఇలా మార్చా: "సివిల్, మూడో సంవత్సరం | మిక్స్ డిజైన్, క్వాంటిటీలు, ఆటోక్యాడ్ | తుని". ఇల్లు కొలవడం మొదలుపెట్టా. ఒకటే డౌటు. బీములో స్టీలెంత వేశారో నాన్నకీ తెలీదు, కట్టిన మేస్త్రి ఇప్పుడు లేరు. షెడ్యూల్ ఎలా చెయ్యను సార్?

స్లంప్‌కోన్:

హెడ్‌లైన్ బాగుంది, ఇంగ్లిష్‌లోనూ అంతే పొట్టిగా ఉంచు. బీము లోపలిది నువ్వు కొలవలేవు, కాబట్టి కొలిచినట్టు చూపించకు. బయటి సైజు కొలిచాను, స్టీలు మాత్రం ఐఎస్ 456 (కాంక్రీటు డిజైన్ కోడ్) ప్రకారం నేను డిజైన్ చేసి వేసుకున్నది అని షీటు పైనే రాయి. అలా రాయకపోతే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతావు. కవర్ (స్టీలు మీద ఉండే కాంక్రీటు మందం) దగ్గర కూడా అలవాటుగా చుట్టూ వాతావరణం మైల్డ్ అనుకుని 20 ఎంఎం వేసేయకు. మీకు సముద్రం దూరమేం కాదు. మాడరేట్ అయితే 30, సివియర్ అయితే 45. ఆ కోడ్‌లోని టేబుల్ 3లో ఏది తీసుకున్నావో, ఎందుకో ఒక లైను రాసి, టేబుల్ 16 నుంచి కవర్ తీసుకో. అయ్యాక లింకు ఇక్కడ పెట్టు, చూస్తా.