సమస్య: "నీటిలోన మునిగి నిప్పు వెలిగె" (ఆటవెలది)

సంచాలకుడు: ఇది ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలు మీరు పూరించాలి. ఈ పాదంలో అయిదూ సూర్యగణాలే (గురువు–లఘువు, లేదా మూడు లఘువులు). యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం) 'నీ–ని'. పూరణ జలాంతర్గామి సాహసకథల్లోంచి రావాలి. నిప్పు ఎక్కడిదో పద్యంలోనే తేలాలి. "అంతా మాయ" అని తప్పుకుంటే ఒప్పుకోను.

కెరటం:

ఉప్పు నీట దీసి యుంచు సోడియమును
పాదరసముతోడ బాగ కలిపి
ఘటములందు నింప గడలి గర్భమ్మున
నీటిలోన మునిగి నిప్పు వెలిగె

లోతుచూపు: కెరటం గారూ, కిటుకు సరిగ్గా పట్టారు. 1869–70 నాటి జూల్స్ వెర్న్ నవల 'సముద్రం కింద ఇరవై వేల లీగులు'లో నాటిలస్ జలాంతర్గామి నడిచేది ఇలాగే. బున్సెన్ ఘటంలో (పాతకాలపు బ్యాటరీ) జింకు ఉండాల్సిన చోట సోడియం రసమిశ్రమం (పాదరసంలో కలిపిన సోడియం) పెడతారు. పాదరసం తరగదు, ఖర్చయ్యేది సోడియమే, దాన్ని సముద్రమే ఇస్తుంది. ఉత్త సోడియం నీళ్లలో పడితే హైడ్రోజన్ పుట్టి అంటుకుంటుంది. పాదరసంలో కలిపితే ఆ చర్య నెమ్మదిస్తుంది. అందుకే మీ రెండో పాదం ప్రాణం లాంటిది, అక్కడ 'బాగ' పాదం నింపడానికి వచ్చిన మాటలా ఉంది. "పాదరసముతోడ బంధ మొసగి" అంటే గణాలూ నిలుస్తాయి (పాద–రసము–తోడ–బంధ–మొసగి), యతీ దక్కుతుంది.

సంచాలకుడు: మూడో పాదంలో 'కడలి గర్భం' అన్నాక నాలుగులో మళ్లీ 'నీటిలోన' అంటే పునరుక్తి. ఘటాల్లో ఉన్నది విద్యుత్తే తప్ప నిప్పు కాదు. నవలలో దీపం బొగ్గు మొనల మధ్య, గాలి తీసేసిన గాజులో వెలిగే విద్యుత్ మెరుపు (ఆర్క్). "ఘటములందు నింప గాజు దీపమ్మున" అనండి, నిప్పుకు చోటు దొరుకుతుంది.

లోతుచూపు: ఇంకో దారీ ఉంది. సోడియం తీయడానికి కావలసిన వేడి కోసం నాటిలస్ కెప్టెన్ నీమో మనుషులు చల్లారిన అగ్నిపర్వతం కడుపులో బొగ్గు కాలుస్తారు. బయటి ఓడలకు ఆ కొండ ఇంకా రగులుతున్నట్టే కనిపిస్తుంది. దాన్ని ఎవరైనా అందుకుంటే బాగుండును.

గవ్వ:

మంచుకప్పు కింద మసలెడి యోడలో
అణువు చీలి వేడి యావి రిచ్చె
గాలి కోరకుండ గడచెను దినములు
నీటిలోన మునిగి నిప్పు వెలిగె

సంచాలకుడు: భేష్! నాటిలస్ పేరే ఉన్న అమెరికా అణు జలాంతర్గామి 1958 ఆగస్టు 3న మంచు కిందుగా ఉత్తర ధ్రువం దాటింది. 'గాలి కోరకుండ' అన్న మాటకే పూరణ విలువంతా. కథలోని నాటిలస్ గాలి కోసం పైకి రావాల్సిందే, అంటార్కిటికా మంచులో ఇరుక్కున్నప్పుడు లోపలివాళ్లకు ఊపిరాడదు.

కెరటం: ఈ పూరణ డీజిల్ ఓడకు చెల్లదు. విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామి లాంటిది పూర్తిగా మునిగితే డీజిల్ ఇంజిన్లు ఆపి బ్యాటరీల మీద నడవాలి. అక్కడ నీటిలో మునిగితే నిప్పు ఆరుతుంది! అణు ఓడలోనే సమస్య నిజమవుతుంది.

తీరరేఖ:

వేల కోసు లోతు వెళ్ళెడి నావలో
దీపమొకటి పట్టి తీరు జూడ
చేపలన్ని బెదరి పరుగులు తీయగ
నీటిలోన మునిగి నిప్పు వెలిగె

లోతుచూపు: తీరరేఖ గారూ, మూడో పాదంలో యతి తప్పింది. 'చే'కు 'ప' కుదరదు, ప్రాసయతీ (ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) లేదు. మొదటి పాదంలో చాలామంది పడే పొరపాటే ఉంది. నవల పేరులోని ఇరవై వేల లీగులు తిరిగిన దూరం, లోతు కాదు. లీగుకు 4 కిలోమీటర్లు, మొత్తం 80 వేలు, భూమి చుట్టూ రెండు చుట్లు. నవలలో గరిష్ఠ లోతు 16 వేల మీటర్లు. అసలు సముద్రమే ఎక్కడా 11 వేలు దాటదు, కాబట్టి అది వెర్న్ ఊహ. ఇక ఆ దీపానికి చేపలు బెదరవు, మూగుతాయి.

తీరరేఖ: సరిచేశాను.

వేల కోసు లరిగి వేసట లేకుండ
దీపమొకటి పట్టి తీరు జూడ
చేపలెల్ల మూగి చెంతకు జేరగా
నీటిలోన మునిగి నిప్పు వెలిగె

సంచాలకుడు: 'చే–చెం' కుదిరింది, చేపలూ దారికొచ్చాయి. అగ్నిపర్వతం పూరణకు రేపు సాయంత్రం దాకా గడువు.